దుర్వాసుడు రంగం మీదికి రాడు: బొమ్మల పుస్తకాలతో నాటకాలు చదివించడంపై ఒక కేస్ స్టడీ

బెంగళూరు తూర్పున, వైట్‌ఫీల్డ్ వైపు ఉన్న ఒక అపార్ట్‌మెంట్ లైబ్రరీ గదిలో శనివారాలు నడిచిన పఠన బృందం ఇది. పిల్లలు 12 మంది, వయసు 11 నుంచి 15. అందరి ఇళ్ళలోనూ మాట్లాడేది తెలుగే. బడిలో రెండో భాష కన్నడమో హిందీయో కావడంతో తెలుగు తడుముకోకుండా చదవగలిగేది నలుగురే. ఐదుగురికి కన్నడ లిపి బాగా వచ్చు. మిగిలిన ముగ్గురికి రెండూ రావు. పెట్టుకున్న నాటకాలు మూడు: కాళిదాసు అభిజ్ఞాన శాకుంతలం, షేక్‌స్పియర్ మాక్‌బెత్, గురజాడ కన్యాశుల్కం. మొదటి రెండూ బొమ్మల పుస్తకాల్లో, అంటే కామిక్స్‌లో, చదవాలి. మూడోదాని మొదటి రంగాన్ని పిల్లలే రెండు పేజీల్లో గీయాలి.

తల్లిదండ్రుల నుంచి మొదట వచ్చిన మాట ఒకటే. "ముప్పై రెండు పేజీలు పావుగంటలో తిరగేసి అయిపోయిందంటున్నాడండీ. ఇందులో కాళిదాసు ఎక్కడున్నాడు?" న్యాయమైన ప్రశ్న. పిల్లలకు కథ మొత్తం వచ్చేసింది. శకుంతల ఎవరు, ఉంగరం ఏమైంది, చేప కడుపులో ఏం దొరికింది, అన్నీ చెబుతారు. శాపం సంగతి శకుంతలకు తెలుసా అని అడిగితే మాత్రం సగం మంది తెలుసంటారు. ఎందుకంటే పుస్తకంలో దుర్వాసుడు చెయ్యెత్తి శపిస్తున్న గడిలోనే (పేజీలో ఒక్కో బొమ్మ చట్రం ఒక గడి) ఒక మూల శకుంతల కూర్చుని ఉంది.

అసలు చిక్కు అక్కడుంది. నాటకంలో చాలా సంగతులు రంగం మీద జరగవు. తెర వెనక నుంచి ఒక గొంతు వస్తుంది, లేదా ఎవరో వచ్చి జరిగింది చెబుతారు. ఒక పాత్రకు తెలిసింది పక్కనే ఉన్న పాత్రకు తెలియదు, ప్రేక్షకులకు మాత్రం తెలుస్తుంది. ఒక్కోసారి ప్రేక్షకులకూ తెలియదు. నాటకం బిగువంతా ఈ తెలియడం, తెలియకపోవడంలోనే ఉంటుంది. బొమ్మలు గీసేవారు అన్నిటినీ కళ్ళకు కట్టాలని చూస్తారు, వారి పని అదే. శాకుంతలంలో ఉంగరం జారిపోవడం ఎవరూ చూడరు. ఐదో అంకంలో, నిండు సభలో, రాజుకు చూపిద్దామని శకుంతల వేలు చూసుకుంటే ఉంగరం ఉండదు. శచీతీర్థంలో నీళ్ళకు మొక్కేటప్పుడు జారి ఉంటుందని, ఆశ్రమం నుంచి వెంట వచ్చిన గౌతమి అప్పుడు అంటుంది. ప్రేక్షకుడికి శాపం సంగతి తెలుసు కానీ ఉంగరం పోయిన సంగతి ఆ క్షణందాకా తెలియదు. బొమ్మల పుస్తకంలో అయితే అంతకు రెండు పేజీల ముందే ఉంగరం నీళ్ళలో పడుతూ ఒక పెద్ద గడి ఉంటుంది. ఇక సభలో ఆమె వేలు చూసుకునే గడికి బలమేముంటుంది?

కాబట్టి బృందం పనంతా ఒకే ప్రశ్న చుట్టూ అమర్చాం. ప్రతి పేజీ దగ్గరా అడగాల్సింది: ఈ గడిలో ఉన్నదాన్ని నాటకంలో ఎవరు చూశారు, ఎవరు విన్నారు?

సామగ్రి పెద్దగా ఏమీ లేదు. బొమ్మల పుస్తకం ఇద్దరికో ప్రతి. తలా ఒకటి ఇస్తే పరుగు పందెం మొదలవుతుంది. ఇద్దరికి ఒకటైతే పేజీ తిప్పే ముందు రెండోవాళ్ళు చూశారో లేదో అడగక తప్పదు, ఆ ఆగడమే కావాలి. పాత ప్రతులు చర్చ్ స్ట్రీట్ పాత పుస్తకాల అరల్లో దొరుకుతాయి. నాటకం మాత్రం మొత్తం పుస్తకంగా ఇవ్వకూడదు, ఆ పూట చదివే రంగం వరకు జిరాక్స్ చాలు. ఇవి కాక మూడంగుళాల చదరపు స్టికీ నోట్లు, బటర్ పేపర్, 2బి పెన్సిళ్ళు. పీడీఎఫ్‌ను గోడ మీద చూపించడం మానేయాలి. తెర మీద ఒక్కో గడి పెద్దదై వస్తుంది తప్ప పేజీ అంతా ఒకేసారి కంటబడదు. పేజీ తిప్పితే ఎదురయ్యేలా చిత్రకారుడు దాచిపెట్టిన గడి కూడా వరుసలో మరో గడిగా జారిపోతుంది.

ఒక్కో పూట గంటన్నర. మొదటి పది నిమిషాలు మాటల్లేని చదువు. పాత్రల మాటలు రాసి ఉండే బెలూన్ల మీద స్టికీ నోట్లు అంటించి, బొమ్మలు మాత్రమే చూసి ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో ఊహించాలి. నోటు బెలూన్ కడుపును కప్పాలి కానీ తోకను కప్పకూడదు. తోక పోతే మాట ఎవరిదో తెలియక ఆట చెడుతుంది. పాత న్యూస్‌ప్రింట్ పుస్తకాలకు స్టికీ నోటు జిగురు పట్టుకుని తీసేటప్పుడు రంగు ఊడివస్తుంది. వాటి మీద బటర్ పేపర్ పరిచి క్లిప్పు పెట్టి, బెలూన్ ఉన్న చోట పెన్సిల్‌తో నింపాలి.

తర్వాత ఇరవై నిమిషాలు గొంతెత్తి చదవడం. పాత్రలు పంచేటప్పుడు గడి పైన పెట్టెలో ఉండే కథనం మాటలకు వేరే ఒకరు, మనసులో మాటలుండే మబ్బు బెలూన్లకు వేరే ఒకరు. ఈ విడదీత ముఖ్యం. సంస్కృత నాటకంలో పాత్ర తనలో తాను అనుకునేది ఆత్మగతం, పక్కవాళ్ళకు వినబడకుండా ఒకరితోనే అనేది జనాంతికం, అందరికీ వినబడేది ప్రకాశం. పుస్తకంలో మొదటిదానికి మబ్బు బెలూన్, రెండోదానికి చుక్కల గీత బెలూన్, మూడోదానికి మామూలు బెలూన్ ఉంటే బాగుండును. కానీ చాలా పుస్తకాల్లో జనాంతికాన్ని కూడా మామూలు బెలూన్‌లోనే పడేస్తారు. దాంతో చెలికత్తెలు గుసగుసగా అన్నది శకుంతల మొహం మీదే అన్నట్టవుతుంది. అలాంటి బెలూన్ కనబడినప్పుడల్లా చుట్టూ పెన్సిల్ చుక్కలు పెట్టించాం.

ఆపైన జిరాక్స్ తీసి అదే రంగాన్ని నాటకంలో చదవాలి. చదువుతూ బొమ్మల పుస్తకం అంచున మూడు గుర్తులు పెట్టాలి: నాటకంలో ఉండి పుస్తకంలో లేనిదానికి కోత గుర్తు, పుస్తకంలో కొత్తగా వచ్చినదానికి కూడిక గుర్తు, వరుస మారినదానికి బాణం. చివరి పావుగంట నేల మీద, వస్తువులేమీ లేకుండా, ఆ రంగాన్ని ఆడి చూడటం. సమయం చాలకపోతే మొదటి పది నిమిషాల పనిని కుదించవచ్చు గానీ ఈ ఆడి చూడటాన్ని వదలకూడదు. ఖాళీ నేల అంటే ఏమిటో తెలిస్తేనే బొమ్మ దాన్ని ఎలా నింపిందో అర్థమవుతుంది. వీలైతే పిల్లలను ఒక్కసారైనా జేపీ నగర్ రంగశంకర నాటకశాలకు తీసుకెళ్ళాలి, కన్నడ నాటకమైనా సరే. వేళకు పది నిమిషాల ముందే చేరుకోవాలి, ఆలస్యంగా వస్తే లోపలికి పంపరు.

తెలుగు పాఠం విషయంలో ఒక జాగ్రత్త. శాకుంతలానికి వీరేశలింగం అనువాదం ఉంది, కానీ అది పాతకాలపు గ్రాంథికం. నేరుగా చేతికిస్తే పిల్లలు మొదటి పద్యం దగ్గరే ఆగిపోతారు. వచన భాగాన్ని వాడుక తెలుగులోకి మార్చి రాసి, శ్లోకాలను అలాగే ఉంచి, కింద అర్థం ఇస్తే నడిచింది. కన్నడ లిపి వచ్చినవాళ్ళకు అరపేజీ పట్టిక సరిపోయింది: తలకట్టు ఆకారంలో తేడా, క, త, శ లాంటి కొన్ని అక్షరాలు వేరుగా ఉండటం, అంతే. రెండు మూడు పూటల్లో బెలూన్లు చదివేశారు. ఏ లిపీ రానివాళ్ళను తెలుగు చదివేవాళ్ళ పక్కన కూర్చోబెట్టి, ఒక మాట విని ఒక మాట అప్పజెప్పే పద్ధతి పెట్టాం. నేల మీద ఆడేటప్పుడు వీళ్ళే ముందుండటం సహజం, కాగితం చూడాల్సిన పని లేదు కదా.

ఇప్పుడు నాలుగో అంకం. మొదటి పూట ఒకటో అంకంతో కాకుండా దీనితోనే మొదలుపెట్టాలి. అంకం ఆరంభంలోని విష్కంభంలో, అంటే అసలు అంకానికి ముందు వచ్చే చిన్న రంగంలో, శకుంతల చెలికత్తెలు అనసూయ, ప్రియంవద పూలు కోస్తుంటారు. తెర వెనక నుంచి "అయమహం భోః" (ఇదిగో, నేను వచ్చాను) అని ఒక గొంతు. అతిథి ఎవరో వచ్చినట్టుందని వాళ్ళు అనుకునేలోపే శాపం పడిపోతుంది. గొంతు వినిపించిందే కానీ దుర్వాసుడు రంగం మీదికి రాడు. విసవిసా వెళ్ళిపోతున్న ఆయన్ను చెలికత్తెలే చూసి మనకు చెబుతారు. ప్రియంవద వెళ్ళి కాళ్ళ మీద పడుతుంది. ఆనవాలు నగ చూస్తే శాపం తీరుతుందన్న మాట పట్టుకుని తిరిగొస్తుంది. శకుంతల ఎలా ఉందో కూడా ప్రియంవద మాటల్లోనే ఉంది: ఎడమ చేతి మీద ముఖం ఆనించుకుని, గీసిన బొమ్మలా ఉందట. తన ఒంటి మీదే ధ్యాస లేని పిల్ల, వచ్చిన అతిథిని ఏం గమనిస్తుంది? ఈ సంగతి మనిద్దరి నోట్లోనే ఉండాలి, నవమాలిక తీగ మీద వేడినీళ్ళు ఎవరైనా పోస్తారా అని చెలికత్తెలు తీర్మానించుకుంటారు.

దీన్ని నేల మీద ఆడించాలంటే దుర్వాసుడి పాత్ర పిల్లవాణ్ణి తలుపు బయట నిలబెట్టాలి. శకుంతల పాత్ర పిల్ల గది మూల కూర్చుని కదలకూడదు. చూస్తున్నవాళ్ళు తలుపు వైపు తలలు తిప్పుతారు, ఎవరూ కనబడరు. ఒక అమ్మాయి వెంటనే అడిగింది, "ఆంటీ, మరి పుస్తకంలో ఈయన శకుంతల ముందే ఎందుకు నిలబడ్డాడు?" ఇక ఆ పిల్లలకు వేరే పాఠం అక్కర్లేదు. ఆ పేజీని తిరగ్గీయమన్నప్పుడు వచ్చిన పరిష్కారాల్లో బాగున్నది ఇది: మూడు గడులు, మూడింటిలోనూ ఒకే శకుంతల, ఒకే భంగిమ. బెలూన్ తోక గడి అంచు దాటి బయటికి పోతుంది, మాట్లాడేవాడు ఎక్కడా ఉండడు. మూడో గడిలో చెలికత్తెల చేతుల్లోంచి పూలు జారుతుంటాయి. గీయడం తక్కువ, బిగువు ఎక్కువ.

అదే అంకంలో ఇంకో చోట పుస్తకం పూర్తిగా చేతులెత్తేస్తుంది. కావ్యాల్లో నాటకం, నాటకాల్లో శాకుంతలం, అందులో నాలుగో అంకం, అందులో నాలుగు శ్లోకాలు రమ్యమని పెద్దలు చెప్పిన మాట అందరికీ తెలిసిందే. మేము చదివిన పుస్తకంలో ఆ వీడ్కోలంతా రెండు గడులు. కణ్వుడు చెయ్యెత్తి సుఖంగా వెళ్ళిరా తల్లీ అంటాడు, బుగ్గల మీద కన్నీళ్ళు కారుతుంటాయి. "యాస్యత్యద్య శకుంతలేతి" శ్లోకం తీసి చూడండి. గొంతు ఆపుకున్న కన్నీటితో పూడుకుపోయింది, చూపు చింతతో మొద్దుబారింది, అడవిలో ఉండే నాకే ఇలా ఉంటే కూతురిని మొదటిసారి పంపించే సంసారులు ఎలా తట్టుకుంటారో అంటాడు. కన్నీళ్ళు గొంతులో ఆగాయి, బుగ్గ మీదికి రాలేదు. గీసినవారు ఆపుకున్న దుఃఖాన్ని ఒలికించేశారు. ఒలికితే ఆ మనిషి తపస్వి కాకుండా పోతాడు. ఇలాంటి చోట పుస్తకం మూసేసి శ్లోకాన్ని రెండుసార్లు వినిపించడమే దారి. ఒకసారి రాగంతో, ఒకసారి పదాలు విడగొట్టి. బొమ్మతో ప్రతిదీ సాధించాలని పట్టుబడితే ఈ శ్లోకం పోతుంది, అది పోకూడదు.

బొమ్మకు కాళిదాసే స్వయంగా చోటిచ్చిన ఘట్టం ఆరో అంకంలో ఉంది. ఉంగరం దొరికి అంతా గుర్తొచ్చాక దుష్యంతుడు శకుంతల చిత్రం గీసుకుంటాడు. అందులోని తుమ్మెదను నిజమనుకుని అదిలిస్తే, ఇది బొమ్మ అని విదూషకుడు గుర్తు చేయాల్సి వస్తుంది. చిత్రంలో ఇంకా ఏం వేయాలో రాజు ఒక శ్లోకంలో చెబుతాడు: ఇసుక తిన్నెల మీద హంసల జంటలున్న మాలినీ నది, దానికి ఇరువైపులా లేళ్ళు కూర్చున్న హిమాలయపు పాదపు కొండలు, కొమ్మలకు నారచీరలు వేలాడుతున్న చెట్టు, ఆ చెట్టు కింద నల్ల జింక కొమ్ముకు తన ఎడమ కన్ను రుద్దుకుంటున్న ఆడ జింక. కామిక్ రచయిత చిత్రకారుడికి రాసిచ్చే గడి వివరణ ఇంతకంటే స్పష్టంగా ఉండదు. పుస్తకం చూపించకుండా ముందు ఈ శ్లోకం అర్థం చదివి, పోస్ట్‌కార్డు సైజు కాగితం మీద గీయమనాలి. ఎడమ కన్ను అన్న మాటను, కొమ్ము అన్న మాటను చాలామంది జారవిడుస్తారు, రెండు జింకలను పక్కపక్కన నిలబెట్టి ఊరుకుంటారు. అప్పుడు ఆగి అడగాలి: ఒంట్లో అన్నిటికంటే మెత్తనిది కన్ను, అన్నిటికంటే వాడిది కొమ్ము, ఆ జింక భయం లేకుండా ఎలా ఆనించింది? నమ్మకం చెడగొట్టుకున్న రాజు ఆ బొమ్మే ఎందుకు కావాలన్నాడు? పదమూడేళ్ళ పిల్లలు దీనికి జవాబు చెప్పగలరు.

మాక్‌బెత్‌కు వాడింది బ్రిటన్‌లోని క్లాసికల్ కామిక్స్ ప్రచురణ. ఒకే బొమ్మలతో మూడు రకాల పాఠాలు వేశారు వాళ్ళు: షేక్‌స్పియర్ మాటలు యథాతథంగా ఒకటి, నేటి ఇంగ్లిష్‌లో ఒకటి, బాగా కుదించింది ఒకటి. కుదించినదాన్ని ముందు చదివి, అదే పేజీని మూల పాఠంలో తర్వాత చదవాలి. మూల పాఠంతో మొదలుపెడితే పిల్లలు బొమ్మలు మాత్రమే చూసి మాటలు దాటేస్తారు. కుదించినదానితోనే ఆపేస్తే, హత్యకు ముందు గాలిలో బాకు కనబడినప్పుడు మాక్‌బెత్ చెప్పే స్వగతం పోతుంది, ముప్పై పాదాలకు పైనున్నది రెండు మూడు బెలూన్లకు దిగిపోతుంది.

ఇక్కడా ప్రశ్న అదే, జవాబు మాత్రం రెండు చోట్ల రెండు రకాలు. రెండో అంకంలో గాలిలో బాకు మాక్‌బెత్‌కు తప్ప ఎవరికీ కనబడదు. దాన్ని ఎవరో తెచ్చినట్టు పాఠంలో సూచనేమీ లేదు. మూడో అంకం విందులో, మాక్‌బెత్ చంపించిన బాంక్వో ప్రేతం కూడా అతనికి మాత్రమే కనబడుతుంది, కానీ నాటకం తొలిసారి అచ్చైన 1623 ముద్రణలోనే ప్రేతం ప్రవేశించి మాక్‌బెత్ చోటులో కూర్చుంటుందని సూచన ఉంది. అంటే రంగం మీదికి ఒక మనిషి నడిచి రావాలి. ప్రేక్షకులు చూస్తారు, విందుకు వచ్చినవాళ్ళు చూడరు, నువ్వు చూస్తున్నది ఒట్టి పీట అని అతని భార్య లేడీ మాక్‌బెత్ మందలిస్తుంది. బాకును గీయడమంటే మాక్‌బెత్ భ్రమను మనకు అంటించడం. గీయకపోతే ఖాళీ గాలిని పట్టుకుంటున్న మనిషిని చూస్తాం. పిల్లలతో ఆ పేజీ మీద బటర్ పేపర్ పరిచి, బాకును వదిలేసి మిగతాదంతా తీయించాలి. రెండు బొమ్మలూ పక్కపక్కన పెడితే చర్చ అరగంట నడుస్తుంది. మాక్‌బెత్ చేసే రాజు డంకన్ హత్య కూడా తెర వెనకే జరుగుతుంది. మనకు దక్కేది లేడీ మాక్‌బెత్ ఎదురుచూపు, గుడ్లగూబ అరుపు, ఆ తర్వాత తలుపు బాదుడు. ఆ బాదుడును బల్ల మీద నిజంగా కొట్టి చదవాలి, పెద్ద అక్షరాల్లో చూసి ఊరుకుంటే చాలదు.

కన్యాశుల్కం దగ్గర పని తలకిందులైంది, ఇప్పుడు గీసేది పిల్లలే. 1909 నాటి రెండో కూర్పు పాఠం తీసుకున్నాం. విజయనగరం బొంకుల దిబ్బ మీద గిరీశం ఒంటరిగా మాట్లాడుతుంటాడు, తర్వాత అతని శిష్యుడు వెంకటేశం వస్తాడు. పూటకూళ్ళమ్మకు సంతలో సామాను తెస్తానని ఇరవై రూపాయలు తీసుకుని వేరేదానికి ఖర్చు పెట్టానని గిరీశమే చెబుతాడు. ప్రతి జట్టూ మొదట చేసిన పని, ఆ డబ్బు చేతులు మారుతున్న పాత సంగతిని ఒక గడిలో గీయడం. గీస్తే అది సాక్ష్యమైపోతుంది. రంగం మీద మనకు ఉన్నది గిరీశం నోటి మాట మాత్రమే, మిగతా నాటకమంతా ఆ నోటిని ఎంతవరకు నమ్మాలో తూచుకోవడమే. పాత సంగతి గడి తీసేసి, గిరీశం ముఖాన్నే నాలుగు గడుల్లో నాలుగు కోణాల్లో గీసిన జట్టు పేజీ బాగా నిలబడింది.

తెలుగు అక్షరాలకు చోటు చాలకపోవడం ఇక్కడ వచ్చే పెద్ద ఇబ్బంది. ఇంగ్లిష్ కామిక్‌ల కొలతతో బెలూన్లు ముందే గీసుకుంటే పైన గుడులు, కింద ఒత్తులు ఒకదానికొకటి తగులుకుంటాయి, స్త్రీ, క్ష్మ లాంటివి మచ్చలైపోతాయి. అందుకే అక్షరాలు ముందు, బెలూన్ తర్వాత. ఏ3 కాగితం మీద 8 మిల్లీమీటర్ల ఎడంతో పల్చని పెన్సిల్ గీతలు, అక్షరం ఎత్తు 4 మిల్లీమీటర్లు, పెన్ను మొన 0.5. ఏ4కు తగ్గించి జిరాక్స్ తీస్తే 71 శాతానికి దిగుతుంది, 4 మిల్లీమీటర్ల అక్షరం 3 లోపుకు వస్తుంది. 0.2 మొనతో రాసినవాళ్ళ ఒత్తులు జిరాక్స్‌లో మాయమయ్యాయి. బెలూన్‌కు 12 నుంచి 15 మాటలు, ఆరు గడుల పేజీకి 80 మాటలు దాటకూడదు. తెలుగు మాట పొడుగుదని వరుస చివర తుంచకూడదు, మాట మొత్తాన్నీ కింది వరుసకు దించాలి. యిరవై, వుంది లాంటి పాత రాతను సరిదిద్దకూడదు. గొంతెత్తి చదివితే ఆ యాస అందులోంచే పలుకుతుంది. ఈ బృందంలో ఎక్కువమంది అనంతపురం, చిత్తూరు వైపు ఇళ్ళ పిల్లలు. ఉత్తరాంధ్ర మాట కంటితో చదివితే తికమకపడ్డారు, చెవితో వింటే పట్టేశారు. శ్రీకాకుళం నుంచి వచ్చి ఉన్న ఒక పిల్లవాడి అమ్మమ్మ గారిని అడిగి రెండు పేజీలు చదివించుకోవడం అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది.

తేలనివి కొన్ని ఉన్నాయి. శాకుంతలంలో రాజు, ఋషులు సంస్కృతం మాట్లాడితే స్త్రీలు, విదూషకుడు, జాలరి ప్రాకృతాలు మాట్లాడతారు. బొమ్మల పుస్తకంలో అందరిదీ ఒకే తెలుగు. జాలరి బెలూన్లను వాడుక యాసలోకి మార్చి చూశాం, కానీ ఏ ఊరి యాస పెట్టినా ఆ ఊరివాళ్ళను తక్కువ చేసినట్టు ధ్వనించింది, ఆ పని ఆపేశాం. మబ్బు బెలూన్లను చదివే గొంతు ఎలా ఉండాలో కూడా ఇంకా కుదరలేదు. మెల్లగా చదివితే గదిలో వెనక కూర్చున్నవాళ్ళకు అందదు, గట్టిగా చదివితే స్వగతం కాస్తా ప్రకాశమైపోతుంది. ప్రస్తుతానికి ఆ పాఠకుణ్ణి గది మధ్యలో, మిగతావాళ్ళకు వీపు పెట్టి నిలబెడుతున్నాం. తర్వాతి బృందానికి వరుస కూడా మారుతుంది: నాలుగో అంకం, ఆరో అంకపు చిత్రం, ఆ తర్వాత కన్యాశుల్కం పేజీలు, చివర మాక్‌బెత్. సొంతంగా రెండు పేజీలు గీసిన చెయ్యి, బాకును గీయాలా వద్దా అన్న ప్రశ్నను ఇంకా బాగా పట్టుకుంటుందని మా నమ్మకం.